కన్నెమరా గ్రంథాలయము – తెలుగువారి పాలు

చెన్నపట్టణమున ఎగ్మూరులో, మ్యూజియము ఆవరణలోనే, కన్నెమరా గ్రంథాలయము కలదు. వెలుపలి ఎఱ్ఱ గోడలను మాత్రము చూచి సాగిపోవువారే పెక్కుమంది. లోని పాత శాలను దర్శించినవారు అది పఠనమందిరమో, చిత్రశాలయో తేల్చుకొనలేక క్షణకాలము నిలిచిపోవుదురు.

దీని పుట్టుక విచిత్రమైనది. ఈస్టిండియా కంపెనీ తన ఉద్యోగుల శిక్షణకై 1806లో ఇంగ్లాండున నెలకొల్పిన హెయిలీబరీ కళాశాల 1858లో మూతపడెను. అందు మిగిలిన పుస్తకములు కొన్ని 1861 ప్రాంతమున మద్రాసు మ్యూజియమునకు చేరినవి. ఏలికల శిక్షణకై కూర్చిన గ్రంథములే ఈ విధముగా పౌరుల గ్రంథాలయమునకు బీజములైనవి. 1890 మార్చిలో గవర్నరు కన్నెమరా ప్రభువు శంకుస్థాపన చేసెను. 1896 డిసెంబరు 5న గ్రంథాలయము ప్రారంభమయ్యెను.

భవనమునకు రూపకల్పన చేసినవాడు హెన్రీ ఇర్విన్. 1888లో పూర్తియైన సిమ్లాలోని వైస్రాయి భవనము ఆయన కృషియే. పాత శాలలో కప్పు మిక్కిలి ఎత్తు. దానినిండ ఆకులు, పూవులు అలంకారములు. రంగుటద్దముల గుండ వచ్చు వెలుగు చెక్కడపు టేకు కలపపై పడి, ఎండ తీవ్రత తగ్గి, చదువరికి చల్లదనమును కూర్చును. ఇచ్చట అలంకారము ఉపయోగమునకు అడ్డు రాలేదు.

ఈ కట్టడమును నిర్మించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ శెట్టి. ఆ ఇంటిపేరే ఆయన తెలుగు మూలమును చాటుచున్నది. మద్రాసులోని ఎఱ్ఱ ఇటుకల మహాభవనములు పెక్కింటిని కట్టినవాడు ఆయనయే.

గ్రంథాలయ సేవ ప్రజల హక్కు అను భావమునకును తెలుగువారు తోడ్పడిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి కృషితో 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. ఎస్.ఆర్. రంగనాథన్‌గారి పట్టుదల ఫలితముగా 1948లో మద్రాసు రాష్ట్రమున గ్రంథాలయ శాసనము వెలువడెను. దాని ననుసరించి 1950 ఏప్రిల్ 1 నుండి కన్నెమరా రాష్ట్ర కేంద్ర గ్రంథాలయమైనది.

1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడెను. మద్రాసు నగరము మనకు దక్కలేదు. ఆ బాధ ఒక తరమును వెంటాడెను. కాని మరుసటి సంవత్సరమే, 1954లో, పార్లమెంటు చేసిన శాసనము దేశమున అచ్చగు ప్రతి పుస్తకమునకు ఒక ప్రతిని కలకత్తా జాతీయ గ్రంథాలయముతో పాటు కన్నెమరాకును పంపవలెనని విధించెను. ఆ విధముగా, రాజమహేంద్రవరమున అచ్చైన కావ్యమునకును, వరంగల్లున అచ్చైన కథాసంపుటికిని ఆ నగరమున చట్టబద్ధమైన చోటు లభించినది. సరిహద్దులు విడదీసిన దానిని పుస్తకము కలిపినది.

తరువాతి కాలమున ప్రక్కనే క్రొత్త భవనము లేచెను. పాఠకుల రాకపోకలు అటు మరలినవి. పాత శాల చూపరుల వేడుకగా మిగులుట చాలదు. రంగుటద్దములను చూడబోవు తెలుగువారు ఒక తెలుగు పుస్తకమునైనను అడిగి చదివి రావలెను. ఇటుకలలోని మన పాలు గతమునకు చెందినది. అడుగు పాఠకుడు లేనిచో, పుస్తకములలోని పాలును గతమునకే చెందును.