మధ్యవర్తిపై విశ్వాసం: 2008 నాటి జింబాబ్వే ఎన్నికల వివాదం

దైవప్రవక్త (స)కు ప్రవక్త పదవి లభించక పూర్వం, ఆయన వయస్సు 35 సంవత్సరాలుగా ఉన్నప్పుడు, కాబా పునర్నిర్మాణ సందర్భంలో ఖురైష్ తెగల మధ్య ఒక తీవ్ర వివాదం చెలరేగినది. హజ్రె అస్వద్‌ను దాని స్థానంలో నిలిపే గౌరవం ఎవరిదన్నదే ఆ వివాదం. ద్వారం గుండా అందరికన్నా ముందు ప్రవేశించే వ్యక్తి నిర్ణయాన్ని శిరసావహించాలని వారు అనుకొన్నారు. ప్రవేశించినది ఆయనే. ‘అమీన్’ వచ్చారని అందరూ సంతోషించారు. ఆయన ఆ రాతిని ఒక వస్త్రంపై ఉంచి, తెగల పెద్దలందరి చేత అంచులు పట్టించి పైకెత్తించి, తుదకు స్వహస్తాలతో దానిని నిలిపారు. సీరత్ గ్రంథాలలోని ఈ ఉదంతంలో తీర్పుకన్నా ముందు తీర్పరిపై విశ్వాసం ఏర్పడినది. నిర్ణయం అమలులో ఏ తెగకూ వస్త్రపు అంచు లేకుండా పోలేదు.

భార్యాభర్తల కలహంలో ఇరుపక్షాల నుండి ఒక్కొక్క హకమ్‌ను నియమించాలని దివ్య ఖుర్ఆన్ (సూరా నిసా: 35) ఆదేశిస్తున్నది. పోరాడుకొనే రెండు వర్గాల నడుమ జరిగే సంధి న్యాయంతో కూడి ఉండాలని సూరా హుజురాత్ (9) నిర్దేశిస్తున్నది. హనఫీ ధర్మశాస్త్రవేత్తల అభిప్రాయంలో, హకమ్ తీర్పు చెప్పకముందు ఏ పక్షమైనా తన అంగీకారాన్ని ఉపసంహరించుకొనవచ్చును. తీర్పు చెప్పే హకమ్ వేరు, సంధి కుదిర్చే మధ్యవర్తి వేరు. అయినను ఉభయుల విశ్వాసమే ఇద్దరి అధికారానికీ ఆధారం. కావున మధ్యవర్తిపై సందేహం వెలిబుచ్చినంత మాత్రాన ఒక పక్షం సంధిని నిరాకరించినట్లు కాదు. జింబాబ్వేలో 2008లో జరిగిన ఎన్నికల వివాదం దీనికి చక్కని నిదర్శనం.

వివాదానికి పూర్వరంగం

1980లో స్వాతంత్ర్యం పొందిన నాటి నుండి జింబాబ్వేను రాబర్ట్ ముగాబే నాయకత్వంలోని జాను పి.ఎఫ్. పార్టీ పాలిస్తూ వచ్చినది. 1999లో కార్మిక నాయకుడైన మోర్గన్ త్వాంగిరాయ్ ఆధ్వర్యాన ఎం.డి.సి. అనే ప్రతిపక్షం ఏర్పడినది. 2007 మార్చి 11న హరారేలో ఒక ప్రార్థనా సభకు బయలుదేరిన ప్రతిపక్ష నాయకులను పోలీసులు నిర్బంధించి తీవ్రంగా కొట్టారు. ఆ నెలాఖరున దార్-ఎ-సలామ్‌లో సమావేశమైన దక్షిణ ప్రాంత ఆఫ్రికా దేశాల కూటమి, ఉభయ పక్షాల మధ్య సంప్రదింపులు జరిపే బాధ్యతను దక్షిణాఫ్రికా అధ్యక్షుడు థాబో ఎంబెకికి అప్పగించినది.

పొరుగు దేశానికి ఈ విషయంలో శ్రద్ధ ఉండటం సహజమే. జింబాబ్వేకు సముద్రతీరం లేదు. దాని వర్తకంలో అధిక భాగం దక్షిణాఫ్రికా మీదుగా సాగేది. బ్రతుకుతెరువు కోసం లక్షలాది జింబాబ్వే ప్రజలు లింపోపో నది దాటి దక్షిణాఫ్రికా చేరారు. 2008 మేలో అక్కడ వలసదారులపై చెలరేగిన దాడులలో 60 మందికి పైగా మరణించారు. బహిరంగంగా ఒత్తిడి చేస్తే ముగాబే సంప్రదింపుల ద్వారాన్నే మూసివేయగలరన్నది ఎంబెకి అభిప్రాయం. ఆయన కృషి నిష్ఫలమని కూడ చెప్పరాదు. ఆ సంప్రదింపుల ఫలితంగానే ప్రతి పోలింగు కేంద్రం వద్ద ఓట్ల వివరాలను గోడపై అంటించాలన్న నిబంధన వచ్చినది. 2008 మార్చి 29న ఎన్నికలు జరిగినప్పుడు ప్రతిపక్షం స్వయంగా ఓట్లు లెక్కకట్టుకొనగలిగినది అందువల్లనే.

ప్రతిపక్షం సందేహాలు

అధ్యక్ష ఎన్నిక ఫలితాన్ని నెలకు పైగా ప్రకటించలేదు. తానే గెలిచానని త్వాంగిరాయ్ ప్రకటించుకొన్నారు. ఈ స్థితిలో ఏప్రిల్ 12న ఎంబెకి హరారేలో ముగాబేను కలిసి, జింబాబ్వేలో సంక్షోభమేదీ లేదని పత్రికలవారితో అన్నారు. ముగాబేతో చేయి కలిపి నిలిచిన ఎంబెకి ఛాయాచిత్రం లోకమంతటా ప్రచురింపబడినది. ఏప్రిల్ 17న త్వాంగిరాయ్, ఎంబెకిని ఈ బాధ్యత నుండి తప్పించాలనీ, జాంబియా అధ్యక్షుడు లెవీ మ్వానవాసా చొరవ తీసుకోవాలనీ కోరారు. కూటమి ఎంబెకినే కొనసాగించినది. మ్వానవాసా అదే సంవత్సరం ఆగస్టులో మరణించారు.

మే 2న వెలువడిన అధికారిక ఫలితంలో త్వాంగిరాయ్‌కి 47.9 శాతం, ముగాబేకు 43.2 శాతం ఓట్లు చూపబడినవి. ఎవరికీ సగానికి మించి రాలేదు కనుక జూన్ 27న తిరిగి పోలింగు నిర్ణయించారు. ఈలోగా గ్రామాలలో ప్రతిపక్ష కార్యకర్తలపై దౌర్జన్యాలు, హత్యలు జరిగినవి. ఓటర్ల ప్రాణాలకు రక్షణ లేదని త్వాంగిరాయ్ జూన్ 22న పోటీ నుండి విరమించుకొన్నారు. ముగాబే ఒంటరిగా గెలిచారు. జూలై 11న భద్రతా మండలిలో ముగాబే ప్రభుత్వంపై ఆంక్షల తీర్మానం రాగా, దక్షిణాఫ్రికా దానికి వ్యతిరేకంగా ఓటు వేసినది. ఆ తీర్మానం రష్యా, చైనాల వీటో వల్ల వీగిపోయినది.

ప్రతిపక్షం సందేహించినా బల్లను విడిచి పోలేదు. ఎంబెకికి తోడుగా ఇతరులు కూడ ఉండాలని పట్టుబట్టినది. ఫలితంగా ఆఫ్రికా సమాఖ్య తరఫున జీన్ పింగ్, ఐక్యరాజ్యసమితి తరఫున హైలే మెన్కెరియోస్ మొదలగువారితో ఒక సలహా బృందం ఏర్పడినది. ఆ తరువాతనే, జూలై 21న, ఉభయులు ప్రాథమిక ఒప్పందంపై సంతకాలు చేశారు. అనగా సందేహం సంధికి అడ్డు రాలేదు, దారి చూపినది.

ఒప్పందం, దాని లోపం

సెప్టెంబరు 15న తుది ఒప్పందం కుదిరినది. ముగాబే అధ్యక్షునిగా కొనసాగాలని, త్వాంగిరాయ్ ప్రధాని కావాలని అంగీకరించారు. మంత్రిపదవుల పంపకంలో పోలీసు శాఖను చూసే హోంశాఖ ఎవరిదన్న తగవు నెలల తరబడి సాగినది. ఆ నెలలలో దేశాన్ని కలరా పట్టి పీడించినది. 2009 మధ్యనాటికి 4,000 మందికి పైగా మరణించారు. త్వాంగిరాయ్ ప్రధానిగా ప్రమాణం చేసినది 2009 ఫిబ్రవరి 11న. హోంశాఖకు ఇద్దరు మంత్రులు ఏర్పడినారు గాని, సైన్యం మాత్రం పూర్వం వలెనే ముగాబే పక్షం చేతిలో నిలిచినది. వస్త్రానికి గల అన్నిటికన్నా బలమైన అంచు ఒకే తెగ పట్టులో ఉండిపోయినది. 2013 ఎన్నికలలో ముగాబే తిరిగి గెలిచారు.

ఈ కథకు అనుబంధం 2014లో వెలువడినది. 2002 నాటి జింబాబ్వే అధ్యక్ష ఎన్నికలను పరిశీలించుటకు ఎంబెకి, సిసి ఖంపెపె, డిక్‌గాంగ్ మొసెనెకె అనే ఇద్దరు న్యాయమూర్తులను పంపి ఉన్నారు. వారి నివేదికను దక్షిణాఫ్రికా ప్రభుత్వం బయటపెట్టలేదు. ఒక వారపత్రిక సంవత్సరాల తరబడి న్యాయస్థానాలలో పోరాడిన మీదట 2014 నవంబరులో అది వెల్లడి అయినది. ఆ ఎన్నికలు స్వేచ్ఛగా, న్యాయంగా జరిగినవని భావించలేమన్నదే అందులోని నిర్ణయం. కాగా 2002లో దక్షిణాఫ్రికా పరిశీలక బృందం అవే ఎన్నికలను చట్టబద్ధమైనవిగా ప్రకటించియున్నది. అంటే 2008లో మధ్యవర్తి స్థానంలో కూర్చున్న వ్యక్తి వద్ద, ఒక పక్షం ఫిర్యాదును బలపరిచే సాక్ష్యం ఆరు సంవత్సరాలుగా మూసి ఉన్నది. ప్రతిపక్షానికి ఆ నివేదికలోని విషయం తెలియదు. అయినను దాని అనుమానం నిరాధారమైనది కాదని కాలం నిరూపించినది.

సాక్ష్యాన్ని దాచవద్దని ఖుర్ఆన్ పలుచోట్ల హెచ్చరించినది. ఆ హెచ్చరిక న్యాయస్థానంలో నిలిచే సాక్షికి మాత్రమే పరిమితం కాదు. పొరుగింటి కలహాన్ని తీర్చవచ్చిన పెద్దమనిషి తనకు తెలిసినది చెప్పక ఊరకుంటే, కలహం కొంతకాలం సద్దుమణగవచ్చును గాని న్యాయం జరగదు. బలహీన పక్షం మధ్యవర్తిని ప్రశ్నించినప్పుడు దానిని శాంతివిరోధి అనడం సులభం. అది అడుగుతున్నది అమీన్‌ను మాత్రమేనని గ్రహించినవారే సంధి చేయుటకు అర్హులు.