కోనసీమ కింది నిక్షేపం

నిక్షేపమనే మాటకు ధర్మశాస్త్రాలలో ఒక ప్రత్యేకార్థం ఉంది. నమ్మి ఒకరి వద్ద దాచుకొన్న సొమ్ము నిక్షేపం. దాచినవాడు దానికి యజమాని కాడు. అడిగినప్పుడు లెక్కతో సహా అప్పగించవలసినవాడు. ఈనాటి పత్రికలు ఈ మాటను భూగర్భంలోని నిల్వలన్న అర్థంలో వాడుతున్నాయి. కృష్ణా గోదావరి బేసిను చరిత్రను తరచి చూస్తే ఆ పాత అర్థమే ఎక్కువ ఉపయోగపడుతుందని నాకు తోస్తుంది.

మన దేశంలో పొలం రైతుదైనా దాని అడుగున ఉన్న చమురు, సహజవాయువు రైతువి కావు. పై నేలకు పరిహారం మాత్రం దక్కుతుంది. నేలమీది బావుల రాయల్టీ రాష్ట్రానికి చెందుతుంది. సముద్రగర్భంలోని సంపద రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. ఈ భేదాన్ని చదువరులు గుర్తుంచుకోవాలి.

సంపద పుట్టినచోట ఏమి మిగలాలన్న ప్రశ్న మనకంటె ముందు అస్సామీయులకు ఎదురైంది. 1953లో నహర్కటియాలో చమురు పడింది. దానిని బీహారులోని బరౌనీకి తరలించి శుద్ధి చేయాలన్న ఆలోచన రాగానే 1957లో అక్కడి ప్రజలు ఉద్యమించారు. చివరకు బరౌనీతో పాటు గౌహతికీ శుద్ధి కర్మాగారం మంజూరై, 1962లో ప్రారంభమయింది.

గోదావరి డెల్టాలో అట్టి ఉద్యమమేదీ రాలేదు. మేలు జరగలేదనడం అన్యాయం. ఇక్కడి వాయువుతో కాకినాడలో యూరియా తయారయింది, విద్యుత్కేంద్రాలు వెలిశాయి. 2001లో తాటిపాకలో ఒక చిన్న శుద్ధి కర్మాగారమూ వచ్చింది. దాని సామర్థ్యం ఏడాదికి 66,000 టన్నులు. కష్టం వాటా మాత్రం చిన్నది కాదు. 1995 జనవరిలో పాశర్లపూడి వద్ద బావి పేలి రెండు నెలలకు పైగా మండింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో, కొండపల్లి విద్యుత్కేంద్రానికి వాయువును మోసుకుపోయే గొట్టం పగిలి 20 మందికి పైగా మరణించారు.

2002లో కాకినాడకు ఎదురుగా సముద్రగర్భంలో, డి-6 క్షేత్రంలో, రిలయన్సు సంస్థ పెద్ద నిల్వలను కనుగొన్నది. 2009 ఏప్రిల్‌లో వాయువు గాడిమొగ తీరానికి చేరింది. అక్కడినుండి సుమారు 1,400 కిలోమీటర్ల గొట్టపుమార్గం దానిని గుజరాతులోని భరూచ్ దాకా తీసుకుపోయింది. ధర 4.2 డాలర్లని, ఏ రంగానికి ఎంత ఇవ్వాలని నిర్ణయించింది ఢిల్లీలోని మంత్రుల బృందం. సముద్రపు సొమ్ము కనుక రాయల్టీలో రాష్ట్రానికి వాటా లేదు.

2010లో రోజుకు 6 కోట్ల ఘనపు మీటర్లకు చేరిన ఉత్పత్తి 2014 నాటికి అందులో నాలుగో వంతుకు లోపే పడిపోయింది. బావుల్లోకి నీరు, ఇసుక చేరాయని సంస్థ చెప్పింది. ఒప్పుకొన్నన్ని బావులు తవ్వలేదని ప్రభుత్వం ఆక్షేపించింది. ఆ తగవు మధ్యవర్తుల దాకా పోయింది. ఈలోగా ఆ వాయువును నమ్ముకొని అప్పులతో కట్టిన విద్యుత్కేంద్రాలు మూలపడ్డాయి. వేమగిరి, పెద్దాపురం, కొండపల్లి వంటి చోట్ల వేల కోట్ల యంత్రాలు పని లేక నిలిచాయి. బ్యాంకుల బాకీలు పెరిగాయి. 2015లో కేంద్రం విదేశీ ద్రవీకృత వాయువుతో వాటిని నడపడానికి రెండేళ్ళ రాయితీ ఇచ్చింది. గోదావరి ఒడ్డున నిలిచి, దూరదేశాల వాయువుకై ఓడకోసం ఎదురుచూడవలసి వచ్చింది!

2020 డిసెంబరు నుండి కొత్త బావులతో డి-6 మళ్ళీ పుంజుకొన్నది. 2024 జనవరిలో ఓఎన్‌జీసీ లోతు సముద్రం నుండి తొలి చమురు తీసింది. అంటే ఈ కథ ముగియలేదు.

2010 మే 7న సుప్రీంకోర్టు, అంబానీ సోదరుల వాయు వివాదంలో తీర్పు చెబుతూ, ప్రకృతి వనరులు ప్రజలవని, ప్రభుత్వం ధర్మకర్త మాత్రమేనని తేల్చింది. ధర్మశాస్త్రం చెప్పిన నిక్షేపమంటే అదే కదా! అయితే ప్రజలంటే దేశమంతా అనడం ఎంత న్యాయమో, ప్రమాదాన్ని తలగడ కింద పెట్టుకొని నిద్రించే ఊళ్ళకు అదనపు హక్కు ఉండాలనడమూ అంతే న్యాయం. తీరానికి చేరే వాయువు సముద్రానిదైనా సరే, దాని రాబడిలో తీరగ్రామాల పేరిట చట్టబద్ధమైన పద్దు ఒకటి ఉండాలి. గొట్టాల భద్రత, తాగునీరు, చదువు, వైద్యం ఆ పద్దుకింద జరగాలి. అది దయాదాక్షిణ్యంగా కాక, లెక్కగా అందాలని నా మనవి.