సూపరా? టర్బోనా? గాలి కోసం జరిగిన పందెం

మాది మద్దికెర. దసరా రోజు గుర్రాల పారువేట చూస్తూ పెరిగినోణ్ణి. ముందు దూకిన గుర్రమే చివరిదాకా ముందుంటుందని రూలేం లేదని అక్కడే తెలిసింది.

ఇదెందుకు చెప్తున్నానంటే, మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, శెనక్కాయల డబ్బులొచ్చినాయి. నాన్న పాత పెట్రోల్ కారుకి సూపర్‌చార్జర్ వేయించాలా, టర్బో వేయించాలా?" అని. "ముందు కథ విను రా" అన్నాను.

రెండింటి పనీ ఒకటే, ఇంజన్లోకి ఎక్కువ గాలి తోయడం. గాలి పెరిగితే పెట్రోల్ ఎక్కువ మండించొచ్చు, పవర్ పెరుగుతుంది. సూపర్‌చార్జర్ బెల్టుతోనో గేర్లతోనో ఇంజన్ బలం తీసుకునే తిరుగుతుంది. కాలు నొక్కగానే పలుకుతుంది, కానీ దాని కూలి ఇంజనే ఇచ్చుకోవాలి. టర్బో మాత్రం బయటికి పోయే పొగతో తిరుగుతుంది. శెనక్కాయ పొట్టు పారేయకుండా పొయ్యిలో వేసినట్టు. కాకపోతే పొగ జోరందుకునేదాకా ఆగాలి. అదే టర్బో ల్యాగ్.

ముందు దూకింది సూపర్‌చార్జరే. అమెరికాలో రూట్స్ అన్నదమ్ములు 1860లో గాలి కొట్టే యంత్రానికి పేటెంట్ తీసుకున్నారు, అదే తర్వాత కార్లలోకొచ్చింది. పొగతో తిప్పే ఆలోచనకి స్విట్జర్లాండ్ ఇంజనీర్ ఆల్‌ఫ్రెడ్ బూషి 1905లో పేటెంట్ తీసుకున్నాడు. కార్లలోకి రావడానికి దానికి చాలా ఏళ్లు పట్టింది.

1930 లే మాన్స్ 24 గంటల రేసు చూడండి. బిర్కిన్ సూపర్‌చార్జ్డ్ బెంట్లీతో కరాచియోలా మెర్సిడెస్ వెంట పడ్డాడు. మెర్సిడెస్‌కీ సూపర్‌చార్జరే. చివరికి రెండూ మధ్యలోనే ఆగిపోయాయి. గెలిచింది సూపర్‌చార్జర్ లేని బెంట్లీ స్పీడ్ సిక్స్!

1962లో ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ టర్బోతో షోరూముకొచ్చింది. ఇంజన్ నాక్ కాకుండా నీళ్లు, మెథనాల్ కలిపిన ద్రవం వేరే ట్యాంకులో పోస్తుండాలి. చాలామంది పోయలేదు. మరుసటి ఏడాదికే ఆ కారు ఆగిపోయింది.

1977లో రెనో టర్బోతో ఫార్ములా వన్‌లోకి దిగింది. 1.5 లీటర్ల ఇంజన్, ఎదురుగా 3 లీటర్లవి. మాటిమాటికీ పొగలు కక్కి ఆగిపోతుంటే టీ కెటిల్ అని నవ్వారు. 1979లో డిజోన్‌లో రెనో టర్బో కారే గెలిచింది. తర్వాత మిగతా జట్లూ టర్బో బాట పట్టాయి.

చూశారా, గెలిచినోళ్లు ఒక్క పార్టు బిగించి గెలవలేదు. పిస్టన్లు, కూలింగ్, ఆయిల్, ఇంధనం అన్నీ దానికి తగ్గట్టు మార్చుకున్నారు. మా వాడి ఇంజన్ మామూలు గాలికి చేసింది. ఎక్కువ గాలి తోస్తే నాక్ అయి పిస్టన్ పగలొచ్చు. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన వివరాలు మారేలా బండిని మార్చకూడదు. ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కీ ఇబ్బందే.

"రెండూ వద్దురా. అంత మోజుంటే కంపెనీయే టర్బో పెట్టిన బండి చూసుకో" అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "సరేలే అన్నా, ముందు బ్రేకులు, టైర్లు మార్పిస్తా. మిగిలింది నాన్నకిస్తా" అన్నాడు.

మరి మీ ఓటు దేనికి? కామెంట్లో చెప్పండి. ఉంటాను.