ఎముకపై మారుతూ వచ్చిన అనుమానం: హెచ్ఐవీ చికిత్సా చరిత్రలో ఒక అధ్యాయం

లాస్ ఏంజెలెస్‌లో ఐదుగురు యువకులకు అరుదైన న్యుమోనియా సోకిందని 1981 జూన్‌లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం ప్రకటించింది. ఆ తరువాత దాదాపు పదిహేనేళ్ల పాటు ఎయిడ్స్ వైద్యసాహిత్యమంతా ఊపిరితిత్తులు, మెదడు, చర్మం, కంటిచూపు చుట్టూ తిరిగిందే తప్ప ఎముకల ప్రస్తావన అందులో చాలా అరుదు. దీన్ని వైద్యుల ఏమరుపాటుగా లెక్కగట్టడం సరికాదు. ఎముక గుల్లబారడానికి ఏళ్లు పడుతుంది, అది విరిగి బయటపడడానికి ఇంకా ఎక్కువ కాలం కావాలి. వ్యాధి ముదిరాక రెండు మూడేళ్లకు మించి బతకని రోగులలో అటువంటి జబ్బు కనిపించే వ్యవధే ఉండేది కాదు. చికిత్స ఫలించి, ఆయుష్షు పెరిగి, నడివయసు దాటినవారు వైద్యుల ముందుకు రావడం మొదలయ్యాకే ఎముక గురించిన ప్రశ్న పుట్టింది.

ఆ ప్రశ్న వేయడానికి తగిన పనిముట్టు కూడా అప్పుడప్పుడే వచ్చింది. రెండు రకాల ఎక్స్‌కిరణాలు ఎముక గుండా ఎంతమేర ప్రసరిస్తున్నాయో కొలిచి, అందులోని ఖనిజాల సాంద్రతను లెక్కగట్టే డెక్సా యంత్రం 1987 ప్రాంతంలో వాడుకలోకి వచ్చింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ కొలతకు గీతలు గీసింది: ఆరోగ్యవంతులైన యువతుల సగటుతో పోల్చినపుడు టీ స్కోరు మైనస్ 1 కంటే తగ్గితే ఎముక పలచబడినట్లు, మైనస్ 2.5 లేదా అంతకన్నా తక్కువైతే గుల్లబారినట్లు, అంటే ఆస్టియోపొరోసిస్ వచ్చినట్లు నిర్ణయించింది. ముట్లుడిగిన స్త్రీల కోసం గీసిన ఈ గీతను, ఆనాటి అధ్యయనాలలో ముప్పై, నలభై ఏళ్ల పురుషులే ఎక్కువగా ఉన్న హెచ్ఐవీ రోగులకు అన్వయించడంలో ఒక ఇబ్బంది ఉంది, అది నేటికీ పూర్తిగా తొలగలేదు.

బయటికి రాయిలా కనిపించినా ఎముక ప్రాణమున్న కణజాలం. పాత ఎముకను తొలిచే ఆస్టియోక్లాస్ట్ కణాలు, ఆ గుంతలను కొత్త ఎముకతో పూడ్చే ఆస్టియోబ్లాస్ట్ కణాలు జీవితాంతం ఒకదాని వెంట ఒకటి పనిచేస్తుంటాయి. తొలిచే వేగాన్ని పూడ్చే వేగం అందుకోలేకపోతే సాంద్రత తరుగుతుంది. శక్తిమంతమైన మందులేవీ రాకముందే హెచ్ఐవీ రోగులలో ఈ తూకం తప్పుతున్నదన్న సూచనలు ఉన్నాయి. వైరస్ ఉన్న ఒక పురుషునిలో తుంటి ఎముకకు రక్తప్రసరణ ఆగి ఆ భాగం చచ్చుబడిన ఉదంతం 1990లో వైద్యపత్రికకెక్కింది. 1995లో స్పెయిన్ పరిశోధకులు రోగుల ఎముక ముక్కలను సూక్ష్మదర్శినిలో పరిశీలించి, కొత్త ఎముక తయారీ మందగించిందని, వ్యాధి ముదిరినవారిలో అది మరింత స్పష్టమని గుర్తించారు. రెండేళ్ల తరువాత బ్రిటన్‌లో జరిగిన అధ్యయనంలో సాంద్రతలో కనిపించిన తేడా మాత్రం స్వల్పమే. ఈ పరిశీలనలు అప్పట్లో ఎవరి దృష్టినీ పెద్దగా ఆకర్షించలేదు.

1996లో ప్రొటియేజ్ నిరోధకాలతో కూడిన మూడు మందుల చికిత్స రావడంతో పరిస్థితి తలకిందులైంది. వైరస్ పరిపక్వం కావడానికి అవసరమైన ఎంజైమును అడ్డుకునే ఈ మందుల వల్ల మరణాలు వేగంగా తగ్గాయి, కానీ వాటి వెంటే చెంపలు లోతుకుపోవడం, పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, రక్తంలో చక్కెర, కొలెస్టరాల్ పెరగడం వంటి కొత్త బాధలూ వచ్చాయి. ఈ నేపథ్యంలో 2000లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయానికి చెందిన పాబ్లో టెబాస్ బృందం 112 మంది పురుషులను డెక్సాతో పరీక్షించి, ప్రొటియేజ్ నిరోధకాలు వాడేవారిలో ఆస్టియోపొరోసిస్ ముప్పు దాదాపు రెట్టింపుగా ఉందని ప్రకటించింది. ముద్దాయి దొరికినట్లే అనిపించింది. అయితే అది ఒకే సమయంలో తీసిన కొలతల మీద ఆధారపడిన అధ్యయనం. ఆ మందులు వాడుతున్నవారు ఎక్కువ కాలం జబ్బుతో ఉన్నవారా, బక్కచిక్కినవారా అన్నది విడదీయడం దానికి సాధ్యం కాదు. తరువాతి అధ్యయనాలు కొన్ని దాన్ని సమర్థించాయి, కొన్ని కాదన్నాయి. 2006లో టాడ్ బ్రౌన్, రోలా కకీష్ అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను కలిపి చూసి, హెచ్ఐవీ ఉన్నవారిలో సుమారు 15 శాతం మందికి ఆస్టియోపొరోసిస్ ఉందని, వైరస్ లేనివారితో పోలిస్తే దాని సంభావ్యత మూడున్నర రెట్లకు పైగా ఉందని తేల్చారు. సమస్య ఉందన్న విషయం దానితో స్థిరపడింది, కారకులెవరన్నది మాత్రం తేలలేదు.

సాంద్రత తగ్గడం, ఎముక చచ్చుబడడం రెండూ ఒకటి కాదు, వాటిని కలగలపడం ఆనాటి రచనలలో తరచుగా కనిపించే పొరపాటు. రెండవదాని విస్తృతిని 2002లో వెలువడిన అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల అధ్యయనం బయటపెట్టింది. తుంటి నొప్పి ఏమీ లేని 339 మంది హెచ్ఐవీ రోగులకు ఎంఆర్ఐ తీస్తే 15 మందిలో తొడ ఎముక తల చచ్చుబడినట్లు కనిపించింది. వైరస్ లేని 118 మందిలో ఒక్కరిలోనూ అది లేదు. స్టెరాయిడ్లు వాడినవారిలో ఈ ముప్పు ఎక్కువ. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇతర మందుల మోతాదు రక్తంలో నిలిచేందుకు తోడుగా ఇచ్చే రిటోనావిర్, కాలేయంలో స్టెరాయిడ్లు విరిగిపోకుండా ఆపుతుంది, కాబట్టి ఉబ్బసానికి పీల్చే మందులోని కొద్దిపాటి స్టెరాయిడ్, మోకాలిలో వేసే ఒక్క సూది కూడా కొందరిలో ఒళ్లంతా పాకి హాని చేస్తుంది. వైరస్ సంగతి ఎముకల వైద్యునికి తెలియకపోతే ఆ సూది పడుతూనే ఉంటుంది.

అనుమానం తరువాత టెనోఫోవిర్ అనే మందు మీదికి మళ్లింది. 2001 అక్టోబరులో అమెరికాలో అనుమతి పొందిన టెనోఫోవిర్ డైసోప్రాక్సిల్ రోజుకు ఒక్కసారి మింగితే చాలు. నరాలను, కొవ్వును దెబ్బతీసే స్టావుడిన్‌తో పోలిస్తే అది వరమే. కానీ ఆ రెండింటినీ మూడేళ్లు పోల్చి 2004లో ప్రచురించిన పరిశోధనలో వెన్నెముక సాంద్రత స్టావుడిన్ వాడినవారిలో సుమారు 1 శాతం తగ్గగా, టెనోఫోవిర్ వాడినవారిలో 2.2 శాతం తగ్గింది. తరుగుదల చాలావరకు తొలి ఏడాదిలోనే జరిగి తరువాత నిలకడగా ఉంది. వడకట్టిన మూత్రం నుంచి శరీరానికి కావలసిన ఫాస్ఫేట్‌ను తిరిగి పీల్చుకునే మూత్రపిండాల నాళికలలో ఈ మందు పేరుకుంటుంది. అవి దెబ్బతింటే ఫాస్ఫేట్ మూత్రంలో పోయి, ఖనిజం అందని ఎముక మెత్తబడుతుంది. ఇంత తీవ్రత కొద్దిమందిలోనే కనిపిస్తుంది గాని, వారిలో అది నడకనే ఆపేస్తుంది. మందుకు స్వతహాగా ఎముక మీద ప్రభావం ఉందనడానికి తిరుగులేని సాక్ష్యం తరువాతి కాలంలో అనుకోని చోట నుంచి వచ్చింది: సోకకుండా ముందుజాగ్రత్తగా టెనోఫోవిర్ వాడిన, వైరస్ అసలే లేని ఆరోగ్యవంతులలోనూ సాంద్రత 1 శాతం మేర తగ్గింది, మందు ఆపాక కోలుకుంది.

మందే దోషి అయితే మందు మానితే సరిపోదా అన్న ప్రశ్నకు జవాబు మనుషుల ప్రాణాలతో చెల్లించి తెలుసుకోవలసి వచ్చింది. సీడీ4 కణాలు, అంటే రోగనిరోధక సైన్యాన్ని నడిపించే తెల్లరక్త కణాలు, తగినంత ఉన్నపుడు మందు ఆపి, తగ్గినపుడు మళ్లీ మొదలుపెట్టే పద్ధతిని స్మార్ట్ అనే అంతర్జాతీయ పరిశోధన పరీక్షించింది. మందు ఆపినవారిలో మరణాలు, జబ్బులు ఎక్కువ కావడంతో 2006 జనవరిలో దాన్ని అర్ధాంతరంగా నిలిపివేశారు. మూడేళ్ల తరువాత వెలువడిన దాని ఎముకల విభాగం ఫలితాల ప్రకారం, మందు మానకుండా వాడినవారిలోనే సాంద్రత ఎక్కువగా తగ్గింది. ఎముకను కాపాడే పద్ధతి మనిషిని కాపాడలేదన్నమాట. ఈ ఒక్క అధ్యయనం తరువాత చర్చ మందు వాడాలా వద్దా అన్నది దాటి, ఏ మందు, ఎప్పుడు, ఏ జాగ్రత్తతో అన్న దగ్గరకు వచ్చింది.

ఏ మందుల కలయిక మొదలుపెట్టినా తొలి రెండేళ్లలో సాంద్రత 2 నుంచి 6 శాతం దాకా తగ్గుతున్నదన్న సంగతి అప్పటికే పరిశోధకులను వేధిస్తున్నది. ఈ చరిత్రలో అత్యంత ఆసక్తికరమైన మలుపు ఇక్కడే ఉంది. ఎముకను తొలిచే కణాలను ఉసిగొల్పే ర్యాంక్-ఎల్ అనే ప్రొటీనును, దానికి అడ్డుపడే ఆస్టియోప్రొటెజెరిన్‌ను 1990ల చివర కనుగొన్నారు. ఈ రెండింటినీ రోగనిరోధక కణాలు కూడా తయారుచేస్తాయి. అట్లాంటాలోని ఎమరీ విశ్వవిద్యాలయంలో నీల్ వైట్‌జ్‌మన్, ఇగో ఒఫొటోకున్ బృందం వైరస్ జన్యువులు చొప్పించిన ఎలుకలలో, తరువాత మనుషులలో పరిశీలించి, వైరస్ ఉన్నపుడు బీ కణాలు అడ్డుపడే ప్రొటీనును తగ్గించి ఉసిగొల్పేదాన్ని పెంచుతాయని చూపింది. చికిత్సతో రోగనిరోధక శక్తి ఉప్పెనలా తిరిగి వచ్చే తొలి నెలలలో ఎముక మళ్లీ తరుగుతుందని కూడా అదే బృందం వివరించింది. అంటే కోలుకోవడమే ఎముకకు ఒక దెబ్బ. దీన్ని నమ్మి, చికిత్స ఆరంభంలోనే జోలెడ్రోనిక్ ఆమ్లం ఒక్క మోతాదు నరంలోకి ఎక్కిస్తే ఏడాది పాటు తరుగుదల ఆగుతుందని 2016లో 63 మంది మీద నిరూపించారు. వైరస్ నేరుగా ఎముకను తొలిచే కణాలలోకే చొరబడి వాటి ఆకలిని పెంచుతుందని 2018లో ఫ్రెంచ్ శాస్త్రజ్ఞులు చూపడంతో, మొదట ఎవరూ పట్టించుకోని వైరస్ కూడా ముద్దాయిల వరుసలో నిలబడింది.

సాంద్రత ఒక అంకె మాత్రమే, రోగికి తెలిసేది ఎముక విరగడమే. బోస్టన్‌లోని ఆసుపత్రుల రికార్డులలో 8,525 మంది హెచ్ఐవీ రోగులను, వైరస్ లేని 22 లక్షల మందిని పోల్చిన 2008 నాటి అధ్యయనంలో ప్రతి వందమందికి విరిగిన ఎముకలు 2.87, 1.77 చొప్పున తేలాయి. పొగ, మద్యం, హెపటైటిస్ సీ, తక్కువ బరువు, పురుషులలో టెస్టోస్టెరాన్ లోపం ఈ తేడాలో తమ వంతు పాత్ర పోషిస్తాయి కనుక అదంతా వైరస్ ఖాతాలో వేయడానికి వీల్లేదు. అయినా వైద్యసంఘాలు కదలడానికి ఇది చాలింది. ముట్లుడిగిన స్త్రీలకు, యాభై దాటిన పురుషులకు డెక్సా తీయాలని, నలభై దాటినవారిలో విరిగే ముప్పును ప్రశ్నావళితో అంచనా వేయాలని 2015 నాటి సిఫార్సులు చెప్పాయి. అదే ఏడాది వచ్చిన మరో పరిశోధనలో, చికిత్స మొదలుపెట్టేటపుడే రోజుకు 4,000 యూనిట్ల డీ విటమిన్, 1,000 మిల్లీగ్రాముల కాల్షియం ఇచ్చినవారిలో తుంటి సాంద్రత తరుగుదల సగానికి పైగా తగ్గింది. ఆ ఏడాదే టెనోఫోవిర్ అలాఫెనమైడ్ అనే కొత్త రూపం వచ్చింది. ఇది రక్తంలో తక్కువగా, కణాలలో ఎక్కువగా చేరుతుంది కాబట్టి ఏడాదిలో తుంటి సాంద్రత పాత రూపంతో 2.95 శాతం తగ్గితే, దీనితో 0.66 శాతమే తగ్గింది. బరువు, కొలెస్టరాల్ పెరగడం దానికున్న వెల.

తెలుగునాటికి ఈ చరిత్ర కాస్త ఆలస్యంగా, వేరే దారిన చేరింది. వ్యాప్తి ఎక్కువగా ఉన్న ఆరు రాష్ట్రాలలో నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచిత ఏఆర్‌టీ (హెచ్ఐవీ మందుల చికిత్స) మొదలుపెట్టినపుడు చౌకగా దొరికిన స్టావుడిన్, జిడోవుడిన్ మాత్రలే ఆధారం. చెంపలు పీక్కుపోయిన మొహం చూసి ఊళ్లో జబ్బు కనిపెట్టేస్తారన్న భయం రోగులను ఎముకలకన్నా ఎక్కువగా బాధించింది. టెనోఫోవిర్ రాకను ఇక్కడ ఊరటగా చూడడానికి కారణం అదే. స్టావుడిన్‌ను మానాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009 చివరలో చెప్పాక, మన కేంద్రాలూ క్రమంగా టెనోఫోవిర్‌కు మారాయి. ఆ మాత్రలను ప్రపంచానికి అందించినవాటిలో హైదరాబాదులో కార్యకలాపాలున్న కంపెనీలు ముందున్నాయి: టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర ఏడాదికి సుమారు 75 డాలర్లకు ఇవ్వడానికి 2017లో ఒప్పుకున్నవి మైలాన్, అరబిందో. డీ విటమిన్‌ను త్వరగా కరిగించే ఎఫావిరెంజ్ స్థానంలో డోలుటెగ్రావిర్ రావడం ఎముకకు కొంత మేలే. కానీ ఈ మాత్రలోని టెనోఫోవిర్ పాత రూపమే.

ఆ మాత్ర మింగే ఒంటి స్థితిని కూడా చూడాలి. ఎండకు కొదవలేని తిరుపతి ప్రాంతంలో ఆరోగ్యవంతులలోనే డీ విటమిన్ లోపం, ఆహారంలో కాల్షియం కొరత, ఖనిజాలను పట్టి ఉంచే ఫైటేట్ ఎక్కువ కావడం విస్తృతంగా ఉన్నాయని స్విమ్స్ ఆసుపత్రి వైద్యుడు సి.వి. హరినారాయణ్ బృందం 2007లో చూపింది. ఇలాంటి తొలి లోటుతోనే ఇక్కడివారిలో చాలామంది చికిత్స మొదలుపెడతారు. నల్లగొండ, కనిగిరి వంటి ఫ్లోరైడ్ ప్రాంతాలలో డెక్సా చిత్రమే తప్పుదారి పట్టించవచ్చు: ఫ్లోరైడ్ సాంద్రతను పెంచి చూపిస్తుంది, ఎముక మాత్రం పెళుసుగానే ఉంటుంది. ఆ యంత్రం సైతం నగరాలు దాటి ఎన్నో చోట్ల లేదు.

అందువల్ల పరదేశపు సిఫార్సులను ఉన్నవి ఉన్నట్లుగా ఇక్కడ అతికించడం కన్నా, ఏఆర్‌టీ కేంద్రంలో ప్రతి రోగినీ గతంలో ఎముక విరగడం, నడుం నొప్పి, ముందుగా ముట్లుడగడం, స్టెరాయిడ్ల వాడకం గురించి అడిగి రాసుకోవడం ఎక్కువ ఉపయోగకరం. వెన్నుపూస నలిగితే మనిషి పొట్టి అవుతాడు. ఏడాదికోసారి ఎత్తు కొలిచి నమోదు చేయడానికి డెక్సా అక్కర్లేదు, గోడకు బిగించిన కొలతపట్టీ చాలు.