వంటయింటి తెర, అరటిగెల తొడుగు

ఆస్ట్రేలియాదేశమున న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రమునందు, క్లారెన్స్ నదీతీరముననున్న గ్రాఫ్టన్ అను చిన్న పట్టణమున 1963వ సంవత్సరమున జరుగనున్న జకరందా పుష్పోత్సవమునకై, అచటి జలక్రీడాసంఘమువారు జాన్ డికెన్సన్ అను తమ సభ్యుని, మోటారుపడవ త్రాడుతో లాగుచుండగా మనిషిని మోసికొని నీటిపై లేచు గాలిపటమొకటి చేసి పెట్టుమని కోరిరి. ఆతడొక పత్రికలో అచ్చయిన ఛాయాచిత్రమును చూచి, కొయ్యతోను లోహపు గొట్టముతోను చట్రమును కట్టి, దానిపై ఆ ప్రాంతపు అరటితోటలలో గెలలకు తొడుగు ప్లాస్టిక్ పొరను పరచి, అందరును నవ్వదగిన యొక రెక్కను సిద్ధపరచెను. నేడు లోకమునందు పొలముల మీదుగా తిరుగు మైక్రోలైట్ అను అతితేలిక విమానములలో, మెత్తని రెక్క క్రింద మూడుచక్రముల బండి వ్రేలాడు తెగ యంతయు ఆ అరటిగెల తొడుగు సంతతియే.

డికెన్సన్ చూచిన చిత్రము వెనుక మరియొక గృహచరిత్ర గలదు. అమెరికాయందు వర్జీనియా రాష్ట్రమున ప్రభుత్వ విమానపరిశోధనశాలలో నుద్యోగియైన ఫ్రాన్సిస్ రొగాలో, పగలు పెద్ద విమానముల లెక్కలు చూచుకొని, సాయంకాలము ఇంటికి వచ్చిన పిమ్మట, భార్య గెర్ట్రూడ్ తోడ్పాటుతో, పెద్ద పంకా యొకటి పెట్టి ఇంటిలోనే గాలిసొరంగము నేర్పరచుకొని, కఱ్ఱబద్దలు లేకయే గాలి యొత్తిడిచేతనే రూపము ధరించు రెక్కను వెదకుచుండెను. 1948లో వారి తొలి గాలిపటమునకు వస్త్రమైనది వంటయింటి కిటికీ తెర. తరువాత జెమిని అంతరిక్షనౌకలను సముద్రమున గాక నేలమీదనే దింపవలెనన్న సంకల్పముతో అమెరికా అంతరిక్షసంస్థ ఈ రెక్కను చేపట్టి, చాల ధనము వెచ్చించి, సకాలమున కుదురుబాటు కాకపోగా, 1964 నాటికి దానిని విడిచిపెట్టి ప్యారాచూట్లనే నమ్ముకొనెను. మహాసంస్థలు విడిచినదానిని పెరటి పనివారు ఏరుకొనుట ఈ చరిత్రలో పలుమారు కానవచ్చును. మైక్రోలైటు పుట్టుకకు మూలము యీ ఏరుకొనుటయేయని నా తలంపు.

అంతకుముందు జరిగిన విడిచిపెట్టుట మరింత పెద్దది. జర్మనీయందు ఓటో లిలియెంతాల్ 1891 మొదలుకొని తన గ్లైడర్లతో రెండువేల మారుల వరకు గాలిలో తేలి, బెర్లిన్ చెంత లిఖ్టర్ఫెల్డె యందు మట్టితో తానే కట్టించిన గుట్టమీదినుండియు, రీనోవ్ కొండలనుండియు దుముకుచు, దేహభారమును ఇటునటు జరుపుటచేతనే విమానమును నడుపనేర్చెను. కాని మోచేతులు చట్రమున బిగిసియుండుటచేత ఆతనికి కదలుటకు వీలైనవి కాళ్లు మాత్రమే. 1896 ఆగస్టునందు రెక్క ముక్కు పైకి లేచి గాలిలో నిలిచిపోగా, కాళ్లు ఝాడించుట చాలక, నేలగూలి మరునాడు మరణించెను. ఆ మరణవార్తతో మేల్కొన్న రైటు సోదరులు దేహభారమును నమ్మక, రెక్కనే మెలిపెట్టి త్రిప్పు మార్గమును పట్టిరి. 1903 తరువాత ప్రపంచమంతయు వారి వెంటనే నడచినది. డికెన్సన్ చేసినదెల్ల, లిలియెంతాల్ విడిచిన చోటికి మరలి వచ్చి, మనిషిని చట్రమునుండి విడిపించుటయే. రెక్క బరువుకేంద్రమునుండి ఒక్క పట్టీతో మనిషిని వ్రేలాడదీసి, వాని చేతికి ముక్కోణపు కఱ్ఱ నొకదానిని అందించెను. ఆ కఱ్ఱను నెట్టినచో ఉయ్యాలవలె దేహమంతయు కదలును, దేహము కదలినచో రెక్క వంగును. అరువదియేడు సంవత్సరములు పట్టిన యీ చిన్న సవరణకుగాను అంతర్జాతీయ వైమానిక సమాఖ్య 2012లో ఆతనికి స్వర్ణపతకము నిచ్చినది.

ఈ నడుమ సామాన్యునికి చిన్న విమానము నందించు మరి రెండు ప్రయత్నములు జరుగకపోలేదు. పారిస్ నగరమున సాంతోస్ ద్యూమో అను వైమానికుడు, వెదురుబొంగులతో కట్టిన దెమొయిసెల్ అను బుల్లి విమానమునకు హక్కులు కోరక, నమూనాలను లోకమునకు ధారపోసెను. ఫ్రాన్స్ దేశమునందే ఆంరీ మిన్యే 1934లో స్వహస్తములతో విమానము నిర్మించుకొను విధమునొక పుస్తకముగా వ్రాయగా, వందలమంది తమ కొట్టములలో రంపములు పట్టిరి. కాని ఆ విమానము ముక్కు కొంత మేర క్రిందికి వంగినయెడల ముందు వెనుక రెక్కల గాలులు ఒకదానినొకటి ముడిపెట్టుకొని మరల పైకి లేవనీయవని, కొందరి ప్రాణములు పోయిన తరువాతగాని తెలియలేదు. 1936 నాటికి నిషేధము వచ్చినది.

ఇదే వ్యాధి 1970లలో, కొండలపైనుండి దుముకుటకు యువకులు చేపట్టిన రొగాలో రెక్కను పట్టుకొనెను. ముక్కు మితిమీరి వంగినప్పుడు వస్త్రములోని గాలి పోయి, జెండావలె రెపరెపలాడి, ఎంత నెట్టినను తిరిగి నిండకుండెడిది. యువకులు పలువురు అట్లు మరణించిరి. అయినను ఈసారి నిషేధమునకన్న మరమ్మత్తు ముందుగా వచ్చినది. ఎగురువారే రెక్క వెనుక అంచును నడిమి స్తంభమునకు సన్నని తీగలతో కట్టి, అది క్రిందికి జారిపోకుండ పైకి పట్టి నిలిపిరి. అంతటినుండి, వంగిన ముక్కు తానై లేచుట నేర్చుకొనెను. మిన్యే విమానమునకు కావలసినది కూడ ఇట్టి యోపికయే యని నాకు తోచును.

ఇంజను ఆలస్యముగా వచ్చినది. పెద్ద కొండలు లేని విస్కాన్సిన్ రాష్ట్రమున జాన్ మూడీ అనువాడు 1975 మార్చి మాసమున, గడ్డకట్టిన సరస్సుపై, సుమారు 12 అశ్వశక్తుల చిన్న ఇంజనును గ్లైడరుకు తగిలించి, తన కాళ్లతో పరుగెత్తి పైకి లేచెను. కొండ యవసరము తీరినంతనే ఈ విద్య మైదానములకును, రైతుల బీళ్లకును దిగివచ్చినది. ఫ్రాన్స్‌వారు 1979 ప్రాంతమున రెక్క క్రింద మూడుచక్రముల బండిని వ్రేలాడదీసి, పరుగు శ్రమయు తప్పించిరి. ఆస్ట్రియాలోని రోటాక్స్ కర్మాగారపు రెండుఘాతముల ఇంజను దానికి గుండెయైనది. అమెరికా ప్రభుత్వము 1982లో, 254 పౌండ్లకు లోబడిన ఒక్క ఆసనపు విమానమునకు అనుజ్ఞాపత్రమే అక్కరలేదని శాసించగా, బ్రిటనువారు మాత్రము పరీక్షలను, లైసెన్సులను, శబ్దపరిమితులను విధించిరి. గొఱ్ఱెలు మేయు పల్లెలపై ఆదివారమున రంపపుమిల్లు తిరుగుచున్నట్టి ధ్వనిని భరించిన ఇంగ్లీషు గృహస్థుల మొర అంత నిష్కారణమైనది కాదు.

అట్టి పల్లెలోని గడ్డి మైదానమున తొలిసారి ఈ మూడుచక్రముల బండి నెక్కువానికి కలుగు నాశ్చర్యము ఎత్తునుగూర్చి కాదు. సర్వమును తారుమారుగా నుండుటను గూర్చి. బండి నేలమీద నున్నప్పుడు కుడికాలు నొక్కినచో ఎడమకు తిరుగును. గాలిలో కఱ్ఱను ముందుకు నెట్టినచో ముక్కు లేచి వేగము తగ్గును, దగ్గరకు లాగినచో దిగుచు వేగము హెచ్చును. కుడికి తిరుగవలెనన్నచో కఱ్ఱను ఎడమకు నెట్టవలెను. పెద్ద విమానములను నడిపినవారు ఈ బండిలో తొలినాడు తడబడుటకును, ఏమియు నెరుగనివారు త్వరగా కుదురుకొనుటకును కారణమిదియే. శిక్షకుని వెనుక, ఆతని నడుమునకు ఇరువైపుల మోకాళ్లు చాచి కూర్చున్న వానికి ఎదుట అద్దము లేదు, గోడ లేదు. ప్రొపెల్లరు వీపు వెనుక తిరుగుచుండును. మూడువందల మీటర్ల యెత్తున కంచెమొక్కల గీతలు, దున్నిన చాళ్లు, పాకల కప్పులు విడివిడిగా తెలియును. కోసిన గడ్డివాసన సైతము తగులును. మధ్యాహ్నమైనచో నల్లని దుక్కినేల వేడెక్కి గాలిని పైకి తన్నగా బండి కుదుపు నొందును, చెరువుమీదికి రాగానే క్రుంగును. అందుచేత తొలి ప్రయాణములను ఉదయమునగాని సాయంకాలమునగాని పెట్టుదురు. ఇంజను ఆగినను రెక్క తేలుచుండును గనుక, అనుభవజ్ఞుడు మాటలాడుచుండగనే దిగదగిన పొల మేదో చూచుకొనుచుండును.

మన దేశమునకు ఈ చరిత్రలో చోటు లేకపోలేదు. వస్త్రవ్యాపారి విజయపత్ సింఘానియా 1988లో బ్రిటను నుండి భారతమునకు మైక్రోలైటున ఒంటరిగా, 23 దినములలో వచ్చెను. బెంగుళూరునందలి రాజహంస అల్ట్రాలైట్స్ వారు తయారుచేసిన ఎక్స్-ఎయిర్ విమానములు విడిభాగములుగా ఐరోపాకు ఎగుమతియై, అచటి కొట్టములలో కూర్చబడినవి. ఎన్.సి.సి. వైమానిక విభాగపు క్యాడెట్లలో పలువురికి, మన తెలుగుబిడ్డలకును, చేతికి తొలుత దొరకు విమానము మైక్రోలైటే. అది వ్రేలాడు బండి కాదు, స్థిరమైన రెక్కలుగల చిన్న విమానము. స్వాతంత్ర్య గణతంత్రదినములు సమీపించినప్పుడు ఢిల్లీ పోలీసువారు వెలువరించు నిషేధాజ్ఞలలో, ప్యారాగ్లైడర్ల సరసన, మైక్రోలైటు పేరును ఏటేట అచ్చగును.