అడిగే ప్రశ్న ఒకటి, కావలసింది మరొకటి

గ్రంథపాలకుడంటే పుస్తకాలకు కాపలాదారు అనుకునే రోజుల్లో, 1876లో, శామ్యూల్ స్వెట్ గ్రీన్ ఫిలడెల్ఫియాలో గ్రంథపాలకుల సభలో కొత్త మాట చెప్పాడు. బేరం కుదరకుండా గిరాకీని పోనివ్వడానికి దుకాణదారుడికి ఎలా మనసొప్పదో, జవాబు దొరకని పాఠకుణ్ణి పంపడానికి గ్రంథపాలకుడికీ అలాగే ఒప్పకూడదన్నాడు. గ్రీన్‌ది వూస్టర్ పట్టణ గ్రంథాలయం. కాలేజీ గ్రంథాలయాలకూ ఆ గాలి తొందరగానే సోకింది. 1884లో కొలంబియా కళాశాలలో గ్రంథపాలకుడు మెల్విల్ డ్యూయీ పాఠకులకు సాయపడే పనికే ఇద్దరిని పెట్టాడు.

మన వైపు ఈ కథ మద్రాసులో మొదలవుతుంది. కోస్తా, రాయలసీమ కాలేజీలు ఇంకా మద్రాసు విశ్వవిద్యాలయం కిందే ఉన్న 1924లో, లెక్కలు చెప్పే ఎస్.ఆర్. రంగనాథన్ అక్కడ గ్రంథపాలకుడయ్యారు. కొత్త కొలువు విసుగెత్తి, పాత ఉద్యోగానికి తిరిగొచ్చేస్తానన్నారు కూడా! లండన్‌లో చదివొచ్చాక మనసు మారింది. పాఠకుడికీ పుస్తకానికీ మనిషే దగ్గరుండి పరిచయం చెయ్యాలన్నది ఆయన పట్టు. 1931 నాటి ఆయన గ్రంథాలయ పంచసూత్రాల్లో నాలుగోది పాఠకుడి సమయం కాపాడమంటుంది.

అయితే పాఠకుడికి ఏం కావాలో తెలిసేదెలా? 1968లో రాబర్ట్ టేలర్ అనే పరిశోధకుడు దీన్నే తరచి చూశాడు. అవసరం మనసులో ముందు అస్పష్టంగా కదులుతుంది, తర్వాత ఒక రూపానికొస్తుంది, ఆపైన మాటల్లో కుదురుకుంటుంది. చివరికి గ్రంథాలయంలో ఏం దొరుకుతుందో ఊహించుకుని, దానికి తగ్గట్టు కుదించి అడుగుతారు. “వ్యవసాయం పుస్తకాలెక్కడండీ?” అన్న కుర్రాడికి నిజంగా కావలసింది, బోరుబావులొచ్చాక తన జిల్లాలో వరి సాగు ఎలా మారిందన్న లెక్కలు కావచ్చు. అల్మారా చూపిస్తే ఆ సంగతి బయటపడదు. ఏ ఊరు, ఏ కాలం, పేపరు ఎవరికివ్వాలి అని అడుగుతూ పోవాలి.

అంతసేపు నిలబడి మాట్లాడటానికి విద్యార్థికి బెరుకు. అమెరికాలో కాన్‌స్టాన్స్ మెలన్ 1986లో ప్రచురించిన పరిశోధన ఆ బెరుకును బయటపెట్టింది: అందరికీ తెలుసు, నాకే తెలియదు, అడిగితే పరువు పోతుంది. వెనక క్యూ ఉండే కౌంటరు దగ్గర ఈ సిగ్గు పోదు. 1990 ప్రాంతంలో బ్రాండైస్ విశ్వవిద్యాలయం ఆ కౌంటరునే ఎత్తేసింది. దారి చూపే పని విద్యార్థులకిచ్చి, పరిశోధన గురించి కూర్చుని మాట్లాడటానికి విడిగా చోటు పెట్టింది. ముందే సమయం తీసుకుని వచ్చే పద్ధతి ఇప్పుడు అమెరికాలో చాలాచోట్ల మామూలు. వీడియో కాల్‌లోనూ నడుస్తోంది.

మన దగ్గర అలా కూర్చుని మాట్లాడే చోటు ఇంకా అరుదే. గ్రంథచౌర్యంపై యూజీసీ 2018 నిబంధనలు పది శాతం దాకా పోలికను ఉపేక్షిస్తాయి. ఆ పోలిక ఎంతో చూపే రిపోర్టు కోసం పరిశోధక విద్యార్థి లైబ్రరీ తలుపు తట్టేసరికి, సిద్ధాంత గ్రంథం రాయడం అయిపోయి ఉంటుంది.