గొయ్యికి దిబ్బ పేరు

ఇంగ్లీషులో కోట చుట్టూ ఉండే కందకాన్ని ‘మోట్’ అంటారు. పిల్లల బొమ్మల పుస్తకాల్లో దాని నిండా నీళ్లుంటాయి, పైన గొలుసులతో లేపే వంతెన ఉంటుంది. ఆ మాట పుట్టుక వెతుక్కుంటూ పోతే మాత్రం నీళ్లూ లేవు, గొయ్యీ లేదు. కాలికి తగిలేది ఒక మట్టిదిబ్బ.

ఫ్రెంచిలో ‘మొత్’ అంటే దిబ్బ, మట్టిగడ్డ. వెన్నముద్దను కూడా వాళ్లు ఆ మాటతోనే అంటారు. 1066లో నార్మండీ దొర విలియం ఇంగ్లండును గెలిచాక ఈ మాటకు అక్కడ చేతినిండా పని దొరికింది. ఓడినా లొంగని ఊళ్ల నడుమ కోటలు లేవాలి, అవీ వెంటనే లేవాలి. లింకన్‌లో కోట కోసం 166 ఇళ్లు పోయాయని 1086 నాటి డూమ్స్‌డే లెక్కలు చెబుతాయి. రాయి చెక్కేంత తీరిక లేదు. పైగా కొత్తగా పోసిన మట్టి రాతి బరువు మొయ్యదు. అందుకని గుండ్రంగా తవ్వుకుంటూ పోయి, తీసిన మట్టిని నడుమ పోసి, పొర పొరకీ దిమ్మిస కొట్టి, మీద కొయ్య బురుజు నిలిపారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం మనకు తెలుసు. వీళ్లు గొయ్యి తవ్వి కొండను లేపారు.

విలియం దండయాత్రను కుట్టుపనిలో చూపించే బాయూ వస్త్రం మీద ఈ పని కనిపిస్తుంది. హేస్టింగ్స్ దగ్గర దిబ్బ లేస్తోంది. కూలీల చేతుల్లో పారలు. పక్కన జెండా పట్టుకుని దొర నిలబడే ఉన్నాడు, అయినా ఇద్దరు పని మానేసి పారలతో కొట్టుకుంటున్నారు! పైన లాటిన్‌లో ఒక వాక్యం కుట్టారు. అందులో ఉన్నది ‘కట్టడం’ కాదు, ‘తవ్వడం’. కోట తవ్వమని ఆజ్ఞ అయిందట.

ఆ క్రియ చూశాక మాట జారిపోవడంలో వింత కనిపించదు. పార ఒకటే, మట్టి ఒకటే. పైకి పోతే దిబ్బ, కింద మిగిలితే గొయ్యి. తరవాత రాతికోటలొచ్చి దిబ్బల అవసరం తీరింది, గొయ్యి అవసరం తీరలేదు. అక్కరకొచ్చేదాన్నే పేరు అంటిపెట్టుకుందని నాకనిపిస్తుంది. 14వ శతాబ్దం నాటికి ‘మోట్’ కందకమైపోయింది.

మనం మాత్రం మొదటినుంచీ గోతి పక్షమే. అగడ్త, తమిళ అగళి ఒకే తవ్వకపు ధాతువు బిడ్డలు. పారసీకం వైపునుంచి వచ్చిన కందకానికీ తవ్వినదనే అర్థం.

పాత దిబ్బలకు పేరు కావలసి వచ్చినప్పుడు ఇంగ్లీషు పండితులు మళ్లీ ఫ్రెంచి గడపే తొక్కి ఆ మాటనే ‘మాట్’గా తెచ్చుకున్నారు. దిబ్బకొకటి, గొయ్యికొకటి, రెండూ ఒకే మాట. విండ్సర్‌లో విలియం కాలపు దిబ్బ ఇప్పటికీ ఉంది. దాని కింది ‘మోట్’లో నీళ్లు లేవు, పూలతోట ఉంది.